కాటా మీద పెట్టని విమానం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే విషయం మీద ఉన్నాయి. సెమిస్టర్ సగం దాటిందంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల జ్వరం మొదలవుతుంది మరి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏరోనాటికల్ చదివే పిల్లలు రాశారు, ఒక తండ్రి రాశారు, పాఠాలు చెప్పే మేడమ్ ఒకరు రాశారు. అందుకే ఈసారికి హాస్టల్ భోజనం, ఫీజుల గొడవ పక్కనపెట్టి విమానాల సంగతి చూద్దాం. నేను బెంగళూరులో ఒక డిజైన్ ఆఫీసులో చాలా ఏళ్లు డ్రాయింగుల మధ్య కూర్చుని, ఇప్పుడు తిరుపతిలో పిల్లల ప్రాజెక్టులకి సాయం చేస్తూ పొద్దుపుచ్చుతున్నవాడిని. సమాధానాల్లో చాదస్తం కనిపిస్తే సర్దుకోండి.

ప్రశ్న: సార్, మేం ఐదుగురం, ఏరోనాటికల్ మూడో సంవత్సరం. చెన్నైలో జరిగే విద్యార్థుల పోటీకి రేడియో కంట్రోల్ విమానం చేద్దామనుకుంటున్నాం. అందరం కలిపి 15 వేలు పోగేశాం. సీనియర్లేమో ప్రాజెక్ట్ సెంటర్లో కొనేసుకోండి, రిపోర్టుతో సహా ఇస్తారు అంటున్నారు. మాకు సొంతంగా చెయ్యాలని ఉంది. సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ సగం అయింది, తర్వాత ఏం చెయ్యాలో తెలీడం లేదు.
– విద్యార్థి, చంద్రగిరి

జవాబు: తమ్ముళ్లూ, ముందు ఆ ప్రాజెక్ట్ సెంటర్ సంగతి తేల్చేద్దాం. అక్కడ కొన్నది ఎగురుతుంది, అందులో అనుమానం లేదు, అదే అచ్చు మీద వాళ్లు అంతకుముందు ఎన్ని చేశారో. కానీ వైవాకి, అంటే నోటి పరీక్షకి, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ "రెక్క వెడల్పు ఇంతే ఎందుకు పెట్టారు బాబూ" అని అడిగితే ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ సీను నేను ఎదురుగా కూర్చుని చూశాను, ఒకసారి కాదు.

ఇక మీ సాఫ్ట్‌వేర్ డిజైన్. కంప్యూటర్లో గీసిన విమానంలో జిగురుకి బరువుండదు. వైర్లకి, స్క్రూలకి, టేపుకి, పైన అంటించే ఫిల్మ్‌కి, చివర్లో ముచ్చటపడి వేసుకునే కాలేజీ పేరు స్టిక్కర్‌కి, దేనికీ బరువుండదు. అందుకని మీ 15 వేలలో మొట్టమొదట కొనాల్సింది మోటరు అనుకోకండి, ఒక డిజిటల్ కాటా కొనండి. వంటింట్లో వాడేది, గ్రాము తేడా చూపించేది, కొన్ని వందల్లో వచ్చేస్తుంది. దాంతోపాటు ఒక రూళ్ల నోటుబుక్కు.

లెక్క ఇలా మొదలుపెట్టండి. మొత్తం విమానం 1.2 కిలోలు ఉండాలని అనుకున్నారనుకుందాం. అంటే దాదాపు 11.8 న్యూటన్ల లిఫ్ట్, అదే పైకెత్తే బలం, కావాలి. సెకనుకి 10 మీటర్ల వేగంలో, లిఫ్ట్ కోఎఫిషియెంట్ (రెక్క ఆకారాన్నీ, అది ఎత్తిన కోణాన్నీ బట్టి ఉండే అంకె) 0.8 దగ్గర అది గాల్లో నిలబడాలి అంటే, మీ పుస్తకంలో ఉన్న ఫార్ములాయే, గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో, రెక్క వైశాల్యంతో, ఆ కోఎఫిషియెంట్‌తో గుణించేది, దాన్నే వెనక్కి తిప్పితే వైశాల్యం 0.27 చదరపు మీటర్ల దగ్గర తేలుతుంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 1.2 మీటర్లు, వెడల్పు 22 సెంటీమీటర్లు. ఎక్స్‌టర్నల్ ప్రశ్నకి జవాబు వచ్చేసింది, చూశారా. ఇందులో మన ఊరి తిరకాసు ఒకటుంది. పుస్తకాల్లో గాలి సాంద్రత 1.225 అని ఉంటుంది, అది సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల చల్లటి గాలి లెక్క. ఏప్రిల్ మధ్యాహ్నం తిరుపతిలో 40 డిగ్రీల ఎండకి అది 1.1 దగ్గరికి దిగుతుంది, అంటే లిఫ్ట్‌లో పదోవంతు ఎండకే సమర్పయామి. పైన నేను వేసింది 1.1తోనే. పోయినేడు ఒక జట్టు 1.225తో లెక్కేసుకుని, మార్చి చివర మిట్టమధ్యాహ్నం ఎగరేసి, మోటరు మోసం చేసిందని నాతో వాదించింది.

ఇప్పుడు అసలు కథ. కాగితం మీద 1.2 ఉన్న విమానం చేతికొచ్చేసరికి 1.6 అవుతుంది. ఎందుకంటే ఎవరూ తూచరు. 1.6 అయితే గాల్లో నిలబడటానికి కావాల్సిన కనీస వేగం 15 శాతం పెరిగిపోతుంది. మీ బడ్జెట్‌లో వచ్చే 2212 సైజు, 1000 కేవీ (కిలోవోల్టులు కాదు, ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు) మోటరుకి 10 అంగుళాల ప్రొపెల్లర్, మూడు సెల్లుల లిపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ పెడితే థ్రస్ట్, అదే ముందుకు లాగే బలం, సుమారు 800 గ్రాములు. 1.2 కిలోల విమానానికి అది హాయిగా సరిపోతుంది. 1.6 అయితే గ్రౌండంతా పరుగెత్తి పరుగెత్తి ప్రహరీ గోడ దగ్గర ఆగుతుంది. ఆ 800 కూడా నా మాట మీద నమ్మకండి, మోటరుని ఎల్ ఆకారంలో కట్టిన చెక్కకి బిగించి, చెక్క రెండో కాలు కాటాని నొక్కేలా పెట్టి, మీరే కొలుచుకోండి. ప్రొపెల్లర్ తిరిగే వరసలో ఎవరూ నిలబడొద్దు, చున్నీలూ ఐడీ కార్డు తాళ్లూ తీసి పక్కనపెట్టండి.

ప్రతి ముక్కనీ అతికించకముందు ఒకసారి, అతికించాక ఒకసారి కాటా మీద పెట్టి నోటుబుక్కులో ఎక్కించండి. ఆ రెండు అంకెల మధ్య తేడా అంతా జిగురే. నాలుగు రోజులు ఇలా రాస్తే మీ జట్టులో అరాల్డైట్ ఎవరు పప్పులో నెయ్యిలా పోస్తున్నారో బయటపడుతుంది.

రెక్కకి బాల్సా చెక్క బాగుంటుంది కానీ మన దగ్గర దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ఖరీదు కూడా. మొదటి విమానానికి థర్మోకోల్ చాలు. తిరుపతిలో పెళ్లి స్టేజీలు కట్టేవాళ్లని పట్టుకోండి. వధూవరుల పేర్లు థర్మోకోల్‌లో కోసేది కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ తీగతోనే, మీకు కావాల్సిందీ అదే. మూఢం రోజుల్లో వెళితే వాళ్లకీ తీరిక, కూర్చోబెట్టి నేర్పిస్తారు. మీరు చెయ్యాల్సింది రెక్క అడ్డుకోతని రెండు సన్‌మైకా ముక్కల మీద గీసి కోసుకోవడం. క్లార్క్ వై అనే ఆకారం తీసుకోండి, కింది భాగం దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి బల్ల మీద పెట్టి పని చేసుకోవచ్చు. పలకల అంచుని ఉప్పుకాగితంతో గోరు జారేంత నున్నగా రుద్దండి, ఎక్కడ గరుకున్నా తీగ అక్కడ తట్టుకుని రెక్క మీద గాటు పడుతుంది. పలకల్ని థర్మోకోల్ దిమ్మకి రెండు చివర్లా గుచ్చి, రెండింటి మీదా ఒకటి నుంచి పది వరకు గీతలు పెట్టండి. ఇద్దరు చెరోవైపు తీగ పట్టుకుంటారు, మూడోవాడు "ఒకటీ... రెండూ..." అని పాడుతుంటాడు, ఇద్దరి తీగ కొసలూ ఎప్పుడూ ఒకే అంకె మీద ఉండాలి. ఒకడు ముందుకెళ్లాడా, రెక్క మెలిపడుతుంది. ఇద్దరూ తొందరపడ్డారా, తీగ నడుమ భాగం వెనకబడి రెక్క మధ్యలో పల్లం పడుతుంది. మొదటి రెక్క పాడవుతుంది, రెండోదీ పాడవుతుంది, కాబట్టి దిమ్మలు మూడు కొనండి. కిటికీలు తీసి పెట్టుకోండి, ఆ పొగ మంచిది కాదు. ఇంకోమాట, థర్మోకోల్ మీద ఫెవిక్విక్ వెయ్యొద్దు, కరిగి గుంట పడుతుంది. మామూలు ఫెవికాల్ రాసి రాత్రంతా వదిలేయండి. బాడీకి, తోకకి ఎన్నికలప్పుడు బోర్డులు కట్టే సన్‌ప్యాక్ షీటు వాడొచ్చు, కానీ తోకకి వాడేముందు కాటా మీద పెట్టండి, అది కనిపించేంత తేలిక కాదు.

తోక దగ్గర నా సొంత గోడు ఒకటి చెప్పాలి. మా రోజుల్లో మేం చేసిన గ్లైడర్‌కి తోక తళతళలాడాలని జట్టులో ఒకడు రంగు మీద రంగు మూడు కోటింగులు కొట్టాడు. ఎవరం తూచలేదు. చేత్తో విసిరితే ముక్కు పైకెత్తి, గాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఒక్క క్షణం ఆగి, తోక కిందికి చేసి జారిపోయింది. నెలన్నర పని నాలుగు సెకన్లలో అయిపోయింది. తోక ముక్కల్ని ఏరి తూస్తే అనుకున్నదానికంటే 60 గ్రాములు ఎక్కువుంది, అందులో సగం రంగే. తోక రెక్కకి దూరంగా ఉంటుంది కదా, అక్కడ గ్రాము పెరిగితే దాన్ని సరితూచడానికి ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం పెట్టాలి, అంటే శిక్ష వడ్డీతో సహా. బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే ఆ బిందువే మీరు సీజీ అనేది. మామూలు తిన్నని రెక్క ఉన్న విమానానికి అది రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం లోపల ఉండాలి. మీ 22 సెంటీమీటర్ల రెక్కకైతే ఐదున్నర నుంచి ఆరున్నర సెంటీమీటర్లు. బ్యాటరీ కూడా పెట్టాక, అక్కడ గీత గీసి రెండు చూపుడువేళ్ల మీద నిలబెట్టి చూడండి. సమంగా గానీ, ముక్కు కాస్త కిందికి వాలిగానీ ఉంటే ఎగరేయొచ్చు. తోక వాలితే ఆ రోజుకి ఇంటికెళ్లిపోండి.

మనకే ఇలా జరుగుతుందనుకోవద్దు. 1901లో రైట్ సోదరుల గ్లైడర్ లెక్కలో వచ్చినంత లిఫ్ట్ ఇవ్వలేదు. లెక్క తప్పా, కొలత తప్పా అని బుర్ర బద్దలుకొట్టుకుని, సైకిల్ కొట్టు నడుపుకునే ఆ అన్నదమ్ములు ఆరడుగుల చెక్క పెట్టెతో గాలి సొరంగం కట్టి, సుమారు 200 చిన్న రెక్కల్ని అందులో పెట్టి కొలిచారు. తేలిందేమిటంటే, అందరూ శతాబ్దం పైగా లిఫ్ట్ లెక్కల్లో కళ్లు మూసుకుని వాడుతున్న స్మీటన్ గుణకం అనే అంకే తప్పు, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉంది. పెద్దల లెక్క కదా అని వదిలేసి ఉంటే వాళ్ల మొదటి విమానం ఎగిరిన 1903 డిసెంబరు 17 వచ్చేది కాదు.

మొదటిసారి ఎగరేసేముందు ఇంకో పని. రిమోట్ స్టిక్‌ని కుడికి కొట్టి చూడండి, కుడి ఏలెరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి. నవ్వొస్తోందా? ఆ పలకని కదిపే సర్వో మోటరు దిశ తారుమారుగా పెట్టుకుని, నేల వదిలిన రెండో సెకనులోనే విమానాన్ని తలకిందులు చేసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇక పోటీకి కనీసం మూడు వారాల ముందు అది ఒకసారైనా ఎగిరి, ఒకసారైనా పడి ఉండాలి. పడకుండా చెన్నై బస్సెక్కితే అక్కడ పడుతుంది.

ప్రశ్న: అయ్యా, మాది పలమనేరు దగ్గర పల్లె, టమాటా పండిస్తాం. మావాడు ఏరోస్పేస్ మూడో ఏడు. ఎప్పుడు ఫోన్ చేసినా షెడ్డులో ఉన్నా నాయనా, విమానం చేస్తున్నాం అంటాడు. ఇప్పటికి రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్. డబ్బు సంగతి వదిలేయండి, ఈ బొమ్మ విమానాలు చేస్తే ఇస్రోలో ఉద్యోగం వస్తుందా?
– ఓ తండ్రి, పలమనేరు

జవాబు: అయ్యా, దాపరికం లేకుండా చెబుతాను. బొమ్మ విమానం చేశాడని ఇస్రో పిలిచి ఉద్యోగం ఇవ్వదు. సైంటిస్ట్ ఇంజినీర్ పోస్టులకి ఇస్రో ఇస్తూ వచ్చిన ప్రకటనల్లో బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడుగుతున్నారు, రాతపరీక్ష ఉంటుంది, ఆ తర్వాతే ఇంటర్వ్యూ. పోస్టులు కూడా ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లవి. కాబట్టి ఆ రెండు బ్యాక్‌లాగ్‌లూ ముందు తీసేయమనండి, ఇందులో నేను మీ పక్షం.

కానీ బొమ్మ అన్నారు చూడండి, అక్కడ ఒప్పుకోను. జర్మనీలో 1920 నుంచి కాలేజీ కుర్రాళ్లు జట్లు కట్టి సొంతంగా గ్లైడర్లు చేస్తున్నారు, అందులో మనిషి కూర్చుని ఎగిరేవి. ఇవాళ గ్లైడర్లన్నీ గాజుపీచుతోనో కార్బన్ పీచుతోనో చేస్తున్నారు కదా, ఆ దారిలో మొదటిది ఎఫ్‌ఎస్-24 ఫీనిక్స్, స్టట్‌గార్ట్ విద్యార్థుల జట్టు దగ్గర పుట్టి 1957లో ఎగిరింది. అంత దూరం ఎందుకు, మన శ్రీహరికోట నుంచే 2010 జూలై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 మీద స్టడ్‌శాట్ అని కిలో కూడా లేని ఉపగ్రహం వెళ్లింది. దాన్ని చేసింది కర్ణాటక, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన ఏడు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు. ఇప్పుడు ఇస్రో ఒక్కటే గమ్యం అని కూడా లేదు. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచే సొంత రాకెట్ విక్రమ్-ఎస్ ఎగరేసింది. ఇలాంటి చోట్ల ఇంటర్వ్యూలో "ఏం చేశావు, ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది" అని అడుగుతారు. మార్కుల కాగితం చూపించి ఆ ప్రశ్న దాటలేరు.

ఈసారి తిరుపతి వచ్చినప్పుడు కొండకి వెళ్లేముందు ఒక గంట ఆ షెడ్డుకి వెళ్లండి. నీ నోటుబుక్కు చూపించు నాయనా అని అడగండి. బరువులు, కొలతలు, పడిపోయిన తేదీలు, మార్చిన ముక్కలు రాసి ఉంటే మీవాడు పని నేర్చుకుంటున్నట్టే. నోటుబుక్కు లేదు, ఫోన్‌లో సెల్ఫీలు మాత్రం ఉన్నాయి అంటే, అప్పుడు మీరు కోప్పడొచ్చు, నా పేరు కూడా చెప్పండి.

ప్రశ్న: సార్, మా జట్టులో ఆరుగురిలో నేనొక్కదాన్నే అమ్మాయిని. రిపోర్టు, పీపీటీ నాకే ఇస్తారు, "నీ ఇంగ్లిష్ బాగుంటుంది" అంటారు. సాల్డరింగ్ ఐరన్ అడిగితే "కాలుతుంది, ఉండు" అని వాళ్లే చేసేస్తారు. గొడవపడటం నాకిష్టం లేదు.
– విద్యార్థిని, పుత్తూరు

జవాబు: అమ్మా, గొడవ అక్కర్లేదు, కాటా మీ చేతిలోకి తీసుకోండి. పైన చంద్రగిరి వాళ్లకి చెప్పాను చూడండి, ఆ బరువుల నోటుబుక్కు మీదే అని రేపే ప్రకటించేయండి. నేను తూచి రాయకుండా ఏ ముక్కా అతికించకూడదు అని ఒక్క నియమం పెడితే మిగతా ఐదుగురూ ప్రతి ముక్కా పట్టుకుని మీ బల్ల దగ్గరికే రావాలి. పెద్ద విమానాల ఆఫీసుల్లో ఈ పనికి ప్రత్యేకంగా మనుషులుంటారు, వాళ్లు వద్దంటే వింగ్ డిజైన్ చేసే పెద్దమనిషి కూడా మళ్లీ గీసుకోవాల్సిందే. మా ఆఫీసులో ఆ సీట్లో కూర్చున్నావిడకి మేమంతా టీ కూడా తెచ్చిచ్చేవాళ్లం, ఎందుకైనా మంచిదని.

రెండోది, పైలట్ ఎవరో ఇంకా తేల్చుకుని ఉండరు, పోటీ దగ్గరపడేదాకా ఎవరూ ఆలోచించరు. ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే సిమ్యులేటర్ వేసుకుని రోజూ అరగంట రెండు నెలలు కూర్చోండి. విమానం మనవైపు ఎదురొస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, కొత్తవాళ్లు అక్కడే పడేస్తారు, అది అలవాటైతే సగం పైలట్ అయినట్టే. సాల్డరింగ్‌కి వాళ్ల అనుమతి దేనికి? పాత రేడియోనో, పాడైన ఛార్జరో తెచ్చుకుని ఇంట్లో పది వైర్లు పీకి పది వైర్లు అతికించండి. కాలుతుంది, నిజమే, ఒకటి రెండుసార్లు కాలుతుంది. వాళ్లకీ కాలింది, చెప్పరంతే.

రిపోర్టు మాత్రం ఒక్కరే రాయొద్దు. ఎవరు చేసిన భాగం వాళ్లు రాసి ఇవ్వాలి, మీరు భాష దిద్దుతారు, అంతవరకే.

ప్రశ్న: ఎక్కడ ఎగరెయ్యాలి సార్? మా కాలేజీ రేణిగుంట రోడ్డులో ఉంది. ఒకడు పోలీసులు పట్టుకుంటారంటాడు, ఇంకొకడు బొమ్మకి పర్మిషన్ ఏంటంటాడు.
– నలుగురు మిత్రులు, తిరుపతి

జవాబు: పట్టుకుంటారన్నవాడి మాట వినండి. 2021 డ్రోన్ నియమాలు నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్లకే కాదు, రెక్కలున్న రిమోట్ విమానాలకీ వర్తిస్తాయి. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ఉంటే అనుమతి లేకుండా అంగుళం కూడా లేపకూడదు, 8 నుంచి 12 మధ్య 60 మీటర్ల ఎత్తు వరకు, ఆ పైన మామూలు గ్రీన్ జోన్‌లో (ముందు అనుమతి అక్కర్లేని చోటు) 120 మీటర్ల వరకు వెళ్లొచ్చు. రేణిగుంట ఎయిర్‌పోర్టు మీ పక్కనే కాబట్టి డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటులో మ్యాప్ తెరిచి మీ కాలేజీ ఏ రంగులో ఉందో ముందు చూసుకోండి. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకి పరిశోధన కోసమైతే రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్ లాంటివాటి నుంచి మినహాయింపు ఉంది, అయితే అది గ్రీన్ జోన్‌లో, మీ కాలేజీ సొంత ఆవరణలో గానీ కాలేజీ అజమాయిషీలో ఉన్న ఖాళీ స్థలంలో గానీ ఎగరేసినప్పుడే. ప్రిన్సిపాల్ దగ్గర కాగితం రాయించి జేబులో పెట్టుకోండి. తిరుమల వైపు కన్నెత్తి కూడా చూడొద్దు, కొండ మీద డ్రోన్లు నిషేధం, వీడియో బాగా వస్తుందని ఎవరైనా ఉబ్బేస్తే వాణ్ణి జట్టులోంచి తీసేయండి. పొద్దున ఆరున్నర లోపు ఎగరేస్తే గాలి ఉండదు, ఎండ ఉండదు, చూసి నవ్వేవాళ్లూ ఉండరు.

ప్రశ్న: నేను ఒక కాలేజీలో ఏరో డిజైన్ ల్యాబ్ చూస్తాను. ఈసారి పిల్లలచేత నిజంగా విమానాలు చేయించాను. నాలుగు జట్లలో ఒక్కటే ఎగిరింది. కూలిపోయిన మూడింటికి మార్కులు ఎలా వెయ్యాలి? ఎగిరినవాళ్లకి ఎక్కువ వెయ్యకపోతే వాళ్లకి అన్యాయం, కూలినవాళ్లకి తక్కువ వేస్తే వచ్చే ఏడు ఎవరూ రిస్క్ తీసుకోరు.
– ఒక లెక్చరర్, చిత్తూరు

జవాబు: మేడమ్, నాలుగింట్లో ఒకటి ఎగిరిందంటే మొదటి ఏడాదికి నేనైతే పాయసం వండుకుంటాను. అసలు విద్యార్థులచేత చేయించడం అనేదే మన దగ్గర కొత్తగా ఉంది గానీ, 2000లోనే ఎంఐటీ ఏరోనాటిక్స్ విభాగం, మూడు స్వీడన్ యూనివర్సిటీలు కలిసి ఇంజినీరింగ్ చదువు నాలుగు మెట్ల మీద నడవాలన్నాయి: ఊహించడం, డిజైన్ చెయ్యడం, తయారుచెయ్యడం, నడిపించడం. మన సిలబస్ మొదటి రెండు మెట్ల మీదే కూర్చుని పరీక్ష రాసేస్తుంది. మీరు మిగతా రెండూ ఎక్కించారు, ఎక్కినప్పుడు కొందరు పడతారు.

మార్కులకి నేను చేసే పద్ధతి చెబుతాను, మీకు నచ్చినంత తీసుకోండి. 100లో ఎగరడానికి 20. ముందే వేసిన అంచనాకీ కొలిచినదానికీ తేడా ఎంత, బరువు, థ్రస్ట్, సీజీ మూడింటికీ కలిపి 30. మిగతా 50, కూలినా ఎగిరినా సరే, జరిగిందానికి కారణం కనిపెట్టి చెప్పడానికి, అది కూడా జట్టుగా కాకుండా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగి. ఎగిరిన జట్టుని కూడా అడగండి, ఎందుకు ఎగిరిందో చెప్పలేనివాళ్లు చాలామంది ఉంటారు, అదృష్టానికి మార్కులు వెయ్యకూడదు కదా.

కూలినదాన్ని చూసి మొహం చిన్నబుచ్చుకునే పిల్లలకి ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ కథ చెప్పండి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి దాని మొదటి ప్రయోగం. అందులో ఆజాదీశాట్ ఉంది, దేశమంతటా ప్రభుత్వ బడుల్లో చదివే 750 మంది ఆడపిల్లలు చేతులు పెట్టి చేసిన పరికరాలతో కట్టిన ఉపగ్రహం (పుత్తూరు అమ్మాయి ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి). రాకెట్ మూడు దశలూ బాగా మండాయి, అయినా ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకి బదులు ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్ల ఎత్తున్న కోలకక్ష్యలో పడి పనికిరాకుండా పోయాయి. ఎందుకు? రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపు కొద్దిసేపు యాక్సిలరోమీటర్ల (వేగంలో మార్పుని పసిగట్టే సెన్సర్లు) కొలత హద్దు దాటింది, సెన్సర్లు పాడయ్యాయని కంప్యూటర్ అనుకుంది, అత్యవసర పద్ధతిలోకి వెళ్లిపోయింది. సెన్సర్లు నిజానికి బాగానే ఉన్నాయి. ఇస్రో ఈ కారణాన్ని దాచకుండా బయటపెట్టి, ఆ లెక్క మార్చి, ఆరు నెలల్లో, 2023 ఫిబ్రవరి 10న మళ్లీ ఎగరేసింది. ఈసారి ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది. మీ మూడు జట్లకి కూడా ఆరు వారాలు ఇచ్చి రెండోసారి ఎగరేయనివ్వండి. ల్యాబ్ రికార్డు సంతకాలకి ఆలస్యమైతే అవుతుంది.

ఇంకొకటి, అడగలేదు గానీ చెబుతాను. ఆ ల్యాబ్‌లో లిపో బ్యాటరీలు ఎక్కడ ఛార్జ్ చేస్తున్నారో ఒకసారి చూడండి. చెక్క బల్ల మీద, పుస్తకాల పక్కన అయితే ఇవాళే మార్పించండి. మట్టికుండలో ఇసుక పోసి అందులో పెట్టి, మనిషి ఎదురుగా ఉండగానే ఛార్జ్ చెయ్యాలి. సెల్‌కి 4.2 వోల్టులు దాటకూడదు, పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని "ఇంకొక్కసారి వాడదాం మేడమ్" అంటారు, ఒప్పుకోవద్దు.

ప్రశ్న: అన్నా, నేను ఇంటర్ రెండో సంవత్సరం. దీపావళి టపాకాయల మందు తీసి పీవీసీ పైపులో నింపి రాకెట్ చేద్దామనుకుంటున్నా. ఎంత మందు పోయాలి?
– ఒక కుర్రాడు, శ్రీకాళహస్తి

జవాబు: సున్నా గ్రాములు. టపాకాయ మందు పేలడానికి చేసింది, పీవీసీ పైపు పేలితే గాజుపెంకుల్లాంటి ముక్కలవుతుంది, అవి ఎక్స్‌రేలో కూడా సరిగా కనిపించవు. ఆ ఆలోచన ఇక్కడితో ఆపెయ్ తమ్ముడూ.

రాకెట్ కావాలంటే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకో. తాగే నీళ్ల బాటిల్ పనికిరాదు, గ్యాస్ ఒత్తిడిని తట్టుకునేలా చేసేది కూల్‌డ్రింక్ బాటిల్నే. కొంచెం నీళ్లు పోసి, రబ్బరు బిరడాలో సైకిల్ ట్యూబు వాల్వు గుచ్చి, తలకిందులుగా నిలబెట్టి పంపుతో గాలి కొట్టు. గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ దాటనివ్వకు, పొడుగు గొట్టం పెట్టుకుని ఐదారు మీటర్ల దూరం నుంచే కొట్టు, బాటిల్ మీదికి వంగి చూడకు. పాత అట్టతో మూడు రెక్కలు కోసి కింది వైపు అంటించు, ముక్కులో కాస్త మట్టి ముద్ద పెట్టు. తర్వాత నీళ్లు బాటిల్లో పదోవంతు, ఐదోవంతు, మూడోవంతు, సగం, ఇలా మారుస్తూ ఒక్కోదానికి మూడేసిసార్లు ఎగరేసి, గాల్లో ఎన్ని సెకన్లు ఉందో ఫోన్‌తో కొలిచి పట్టీ రాయి. ఎగరేసే ముందు ప్రతిసారీ కాటా మీద పెట్టి ఆ బరువు కూడా పక్కన రాయి. పట్టీ నిండాక ఫోటో తీసి పంపు, వచ్చే నెల మాట్లాడుకుందాం.